లక్కీ డ్రానా, లడ్డూ వేలమా?

తిరుపతిలో చవితి మండపం ఖర్చులకు కుర్రాళ్లకు ముందు తట్టేది 50 రూపాయల కూపన్లు, బహుమతిగా బైకు. దయచేసి వద్దు. డబ్బు తీసుకుని, చీటీ తీసి, బహుమతి ఇస్తే అది లాటరీయే; దేవుడి పేరు పెట్టినా మారదు. ప్రభుత్వ అనుమతి లేకుండా డ్రా తీసే చోటు నడిపితే నేరాలకు శిక్షలు చెప్పే చట్టం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 297 కింద 6 నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అలాంటి డ్రాను ప్రకటించినా 5,000 రూపాయల దాకా జరిమానా.

వేలంలో అదృష్టానికి చోటు లేదు, ఎక్కువ పాడినవాళ్లదే లడ్డూ. చిక్కంతా వసూళ్లలోనే: ఊపులో లక్ష పాడినవాళ్లు తర్వాత ఫోనెత్తరు. అందుకే ముందే డిపాజిట్ కట్టించుకోండి. మూడోసారి పిలిచాక పేరు, మొత్తం పుస్తకంలో రాసి, అక్కడే సంతకం పెట్టించి, నంబరున్న రసీదు ఇవ్వండి.

డ్రా ఉండాల్సిందే అంటే, చందాతో ముడిపెట్టకుండా అందరికీ చీటీ ఉచితంగా ఇవ్వండి.