ఒంటరి పరుగా, తోడున్న నడకా?

క్రైస్తవ మిషన్ సేవలో ఏళ్ల తరబడి నిలబడటానికి కొందరు ఒంటరిగానే లాక్కొస్తారు. అమెరికా స్థానిక తెగల మధ్య పనిచేసిన డేవిడ్ బ్రెయినర్డ్ అలాంటివాడే. దగ్గితే రక్తం పడుతున్నా గుర్రమెక్కి అడవుల్లో తిరిగాడు. 1747లో, 29 ఏళ్లకే క్షయతో పోయాడు. ఆ భక్తికి దండం పెట్టాల్సిందే, కానీ అందరికీ నప్పే పద్ధతి కాదు.

నా ఓటు జట్టుకే. 1793లో బెంగాల్ చేరిన ఇంగ్లండ్ మిషనరీ విలియం కేరీ, మొదటి బెంగాలీ విశ్వాసికి బాప్తిస్మం ఇచ్చేసరికి ఏడేళ్లు గడిచాయి. ఈలోగా ఒక కొడుకు చనిపోయాడు, భార్యకు మతి చలించింది. 1800లో శ్రీరాంపూర్‌లో తోటి మిషనరీలు మార్ష్‌మన్, వార్డ్ తోడయ్యాకే పని ఊపందుకుంది. 1812లో వాళ్ల ముద్రణాలయం తగలబడి బైబిల్ అనువాదాల రాతప్రతులు బూడిదయ్యాయి. వార్డ్ ఆ శిథిలాల్లోంచే అక్షరాల అచ్చులు ఏరి తీశాడు. కేరీ మళ్లీ కలం పట్టుకుని కూర్చున్నాడు.