నార్డిక్ సినిమాలు: ఒరిజినల్స్, రీమేకులు పక్కపక్కన పెట్టి చూశాక

డెన్మార్క్, స్వీడన్, నార్వే, ఫిన్లాండ్, ఐస్‌లాండ్ సినిమాలు చాలా ఏళ్ళుగా చూస్తున్నాను. వాటికి అమెరికా వాళ్ళు తీసిన రీమేకులు కూడా వదలను, అదో పిచ్చి. నార్డిక్ సినిమా ప్రపంచమంతా ప్రభావం చూపించిందని చదివినప్పుడల్లా నాకు ఒక్కటే అనిపిస్తుంది: బయటివాళ్ళు కథలైతే కొనుక్కుపోయారు కానీ, ఆ కథలో నొప్పి ఎక్కడుందో సరిగ్గా అక్కడే కత్తెర వేశారు. (స్పాయిలర్లున్నాయి, ముందే చెప్తున్నా.)

1997లో వచ్చిన నార్వే సినిమా 'ఇన్సోమ్నియా'నే చూడండి. వేసవిలో రాత్రే రాని ఉత్తర నార్వేకి హత్య కేసు మీద వచ్చిన డిటెక్టివ్ (స్టెలన్ స్కార్స్‌గార్డ్), పొగమంచులో తన తోటి పోలీసునే కాల్చేస్తాడు, ఆ సంగతి బయటపడకుండా ఉండాలంటే సాక్ష్యంలో మార్చి పెట్టడానికి ఇంకో పేలిన తూటా కావాలి, అందుకని ఒక వీధికుక్కని చంపేస్తాడు. బతికున్న కుక్కని. 2002లో హాలీవుడ్ దర్శకుడు క్రిస్టఫర్ నోలన్ ఇదే కథని అలాస్కాకి తీసుకెళ్ళాడు, అక్కడ అల్ పచీనో కాల్చేది అప్పటికే చచ్చిపడి ఉన్న కుక్కని! ముగింపు కూడా అంతే, నార్వే సినిమాలో అతనికి ఏ శిక్షా పడదు, కారెక్కి వెళ్ళిపోతాడు. పచీనో మాత్రం తప్పు ఒప్పుకుని ప్రాణం వదులుతాడు. నోలన్ సినిమా కూడా నాకు ఇష్టమే, కాకపోతే అందులో హీరోని క్షమించేసే పని మనకి ముందే సులువు చేసి పెట్టారు.

డెన్మార్క్ వాళ్ళ 'ది గిల్టీ' (2018) మొత్తం ఎమర్జెన్సీ కాల్ సెంటర్లోనే జరుగుతుంది, చెవికి హెడ్‌సెట్ పెట్టుకున్న ఒక పోలీసు ముఖం చూస్తూనే మనకి చెమటలు పడతాయి. అందులో పసిబిడ్డ చనిపోతుంది. 2021లో జేక్ జిలెన్‌హాల్ చేసిన రీమేకులో ఆ బిడ్డ ఐసీయూలో బతికే ఉంటుంది. అప్పుడు కుక్క, ఇప్పుడు బిడ్డ. ఇక ఇది యాదృచ్ఛికమంటే నేను నమ్మను.

స్వీడన్ సినిమా 'ఎ మ్యాన్ కాల్డ్ ఒవె' రీమేకులో టామ్ హాంక్స్ ఎంత చిరాకు నటించినా లోపల మంచోడని మొదటి సీన్లోనే తెలిసిపోతుంది. ఒరిజినల్లోని సాబ్, వోల్వో కార్ల గొడవ కాస్తా షెవర్లే, ఫోర్డ్ గొడవ అయింది, అంతే.

మనం గమనించని ప్రభావం మనుషుల ద్వారా వెళ్ళింది. 'ఓపెన్‌హైమర్' చూసే ఉంటారు కదా, దాని కెమెరామన్ హోయ్టె వాన్ హోయ్టెమా డచ్చివాడే అయినా పేరు తెచ్చుకున్నది 2008 నాటి స్వీడన్ వాంపైర్ సినిమా 'లెట్ ద రైట్ వన్ ఇన్'తో. సంగీతం చేసిన లుడ్విగ్ గోరాన్సన్ స్వీడన్ వాడే. ఇద్దరికీ ఆస్కార్లొచ్చాయి.

సీరియళ్ళ విషయానికొస్తే నాకు విసుగు పుట్టేసింది. డెన్మార్క్‌లో 2007లో 'ఫోర్‌బ్రుడెల్సెన్' ఒక్క హత్యని 20 ఎపిసోడ్లు సాగదీసింది, అయినా బోర్ కొట్టలేదు, ఎందుకంటే చనిపోయిన అమ్మాయి తల్లిదండ్రుల దుఃఖానికి పోలీసులతో సమానంగా చోటిచ్చారు. 2011లో అమెరికాలో, 2025లో హిందీలో కూడా తీశారు. ఈ మధ్యలో ఏ దేశం క్రైమ్ సిరీస్ పెట్టినా అదే వర్షం, అదే నీలం రంగు, అదే నిద్రలేని పోలీసు. రంగు కాపీ కొట్టడం తేలిక, ఆ తల్లిదండ్రుల సీన్లు రాయడానికి టైమ్ పడుతుంది మరి.

నార్డిక్ దర్శకులు కూడా బయటికెళ్ళి మెత్తబడిన సందర్భాలున్నాయి. స్వీడన్ దర్శకుడు రూబెన్ ఓస్ట్‌లుండ్‌కి కాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్లో 2017లో, 2022లో రెండుసార్లు పామ్ డోర్ (అక్కడి అతి పెద్ద అవార్డు) వచ్చింది, కానీ నాకు మాత్రం ఇంగ్లీషులో తీసిన 'ట్రయాంగిల్ ఆఫ్ శాడ్‌నెస్' కన్నా 2014 నాటి 'ఫోర్స్ మజూర్' ఎన్నో రెట్లు మేలు. కొండ మీంచి మంచు చరియ మీదికొస్తుంటే పెళ్ళాం పిల్లల్ని వదిలేసి ఫోన్ పట్టుకుని పారిపోయిన మొగుడి కథ అది, పెళ్ళైనవాళ్ళు కలిసి చూస్తే ఆ రాత్రి ఇంట్లో గొడవ గ్యారంటీ.

అన్నీ ఇలా నరాలు మెలిపెట్టేవే అనుకోకండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఫిన్లాండ్ దర్శకుడు ఆకి కౌరిస్మాకి 'ఫాలెన్ లీవ్స్' (2023) చూడండి, 81 నిమిషాలే. ముఖాల్లో ఏ భావమూ కనిపించనివ్వరు, అయినా నవ్వొస్తుంది. తెలుగు సబ్‌టైటిల్స్ నాకైతే ఎక్కడా దొరకలేదు, ఇంగ్లీషువి పెట్టుకోవాల్సిందే. కానీ డబ్బింగ్ ఆప్షన్ ఉన్నా దాని జోలికి మాత్రం పోవద్దు.