ఎగ్మోర్ చర్చిలో పైప్ ఆర్గన్: మావయ్యతో రెండు రోజులు

మా మావయ్య నలభై ఏళ్ళు పౌరాణిక నాటకాలకు కాలి హార్మోనియం వాయించాడు. ఇప్పుడు ఆయనకు డెబ్బై మూడు. చెన్నై ఎగ్మోర్‌లోని సెయింట్ ఆండ్రూస్ చర్చిలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఒకాయన పైప్ ఆర్గన్ కచేరీ చేస్తున్నాడని తెలియగానే, తోడుగా ఇంకెవరినీ పిలవాలనిపించలేదు. నెల్లూరులో పినాకిని ఎక్కితే మూడు గంటల్లో సెంట్రల్. అక్కణ్ణుంచి మెట్రోలో ఎగ్మోర్ ఒక్కటే స్టేషను. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళతో వెళ్తే ఆటో బేరాలకన్నా అదే సుఖం.

బస దగ్గర మాత్రం దెబ్బ తిన్నాం. స్టేషను పక్క సందులో ఒక లాడ్జికి ముందే ఫోన్ చేసి, పెద్దాయన ఉన్నారు, కింది అంతస్తు కావాలని చెప్పాను. సరేనన్నారు. తీరా వెళ్తే మూడో అంతస్తు, లిఫ్టు పనిచేయడం లేదు, కిటికీ కింద జనరేటరు. మావయ్య ఒక్కో మెట్టూ పట్టుకుని ఎక్కుతుంటే నాకు కడుపు తరుక్కుపోయింది. తెల్లారి ఇంకో నాలుగు వందలు పెట్టి వేరే చోటికి మారాం. అక్కడ నిద్ర పట్టింది. ఎగ్మోర్‌లో లాడ్జిలకు కొదవలేదు కాబట్టి డబ్బు కట్టేముందు గది, లిఫ్టు కళ్ళతో చూసుకోండి. తిండికి ఇబ్బందే లేదు. పొద్దున పొంగలి, మధ్యాహ్నం ఆంధ్రా మెస్సులో పప్పు, గోంగూర.

చర్చి స్టేషనుకు వెనకవైపు, పూనమల్లి హైరోడ్డు మీద ఉంది. 1818లో మొదలుపెట్టి 1821లో పూర్తిచేశారు. కట్టించిన ఇంజినీరు థామస్ డి హావిలాండ్. నేల మెత్తన కావడంతో బావులు దించి వాటి మీద పునాది లేపారట. మావయ్యకు ఇది బాగా నచ్చింది. "ఒరలు దించి గుడి కట్టినట్టే గదబ్బయా" అన్నాడు. లోపల గుండ్రటి మందిరం, పదహారు స్తంభాల మీద గోపురం. తలెత్తితే ముదురు నీలం మీద బంగారు చుక్కలు. ఎదురుగా ఆకుపచ్చ, బంగారు రంగుల గొట్టాలతో ఆర్గన్. యార్క్‌షైర్‌లో తయారై 1883లో ఇక్కడికి చేరింది.

కళాకారుడు సన్నగా, యాభై దాటిన మనిషి. బెంచీ మీద కూర్చోగానే బూట్లు విప్పి సంచిలోంచి పల్చటి అడుగున్న వేరే బూట్లు తీసి తొడుక్కున్నాడు. మావయ్య ముందుకు వంగాడు. జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన డి మైనర్ టొకాటాతో, అంటే వేళ్ళ వేగం చూపే రచనతో, మొదలైంది. పైస్థాయిలో ఒక విదిలింపు, మౌనం, మళ్ళీ కింది స్థాయిలో అదే, మళ్ళీ మౌనం. ఆ తర్వాత ఆయన ఎడమ కాలు కదిలింది. అట్టడుగున ఒక స్వరం లేచింది. అది చెవికన్నా ముందు మేం కూర్చున్న బల్లకు తెలిసింది. మావయ్య నా మోచెయ్యి పట్టుకున్నాడు. "మనం కాళ్ళతో గాలి కొడతాం. ఈయన కాళ్ళతో స్వరం వాయిస్తుండాడబ్బయా!"

ఆ ఒక్క మాటలో ఆర్గన్ అంతా ఉంది. హార్మోనియంలో రీడు, అంటే సన్నటి లోహపు రేకు, పలుకుతుంది. ఇక్కడ ఎక్కువ భాగం పిల్లనగ్రోవుల్లాంటి గొట్టాలే. తెరిచిన గొట్టం ఎనిమిది అడుగులుంటే మంద్రంలో ఒక స, దాన్ని సగానికి తగ్గిస్తే పై స్థాయి స. ఏ వరస గొట్టాలు పలకాలో స్టాపులనే పిడులు లాగి చెప్పాలి. పూర్వం ఒక మనిషి వెనక నిలబడి తిత్తి ఊదేవాడు, ఇప్పుడా పని మోటారుది. అందుకే కాళ్ళకు వేరే పని.

మొదటి సగం గోపురం కిందే కూర్చున్నాం. అక్కడ నాదం పైనుంచి దిగి ఒళ్ళంతా కప్పేస్తుంది కానీ వేగం పెరిగితే స్వరాలు ఒకదాన్లో ఒకటి కలిసిపోయాయి. విరామంలో ముందు వరసకు, స్తంభం అడ్డం రాని చోటికి జరిగాం. అక్కణ్ణుంచి ఫ్యూగ్ అనే రచనలో ఒక్కో గొంతు ప్రవేశించడం విడివిడిగా వినిపించింది. ఒకరు ఎత్తుకున్న పల్లవిని రెండోవారు అందుకుంటారు, మొదటివారు మాత్రం ఆపరు. మెల్లని కీర్తన ఒకటి వాయించేముందు ఫ్యాన్లు ఆపించాడు. చెమట కారుతున్నా ఎవరూ కదల్లేదు. రోడ్డు మీది బస్సు హారన్లు మాత్రం లోపలికి వచ్చాయి, వాటికి ఎవరు చెబుతారు! చివర ఫ్రెంచి స్వరకర్త విడోర్ రాసిన టొకాటా. చేతులు పైన వాన కురిపిస్తుంటే కాళ్ళు కింద అసలు పాటను నడిపాయి.

కచేరీ అయ్యాక మావయ్యను ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆర్గనిస్టు తన వాద్యాన్ని వెంట తెచ్చుకోలేడు, ఏ ఊరికి వెళ్తే ఆ ఊరి ఆర్గన్ స్వభావం నేర్చుకోవాలి, అందుకే రెండు రోజులు ముందొచ్చానని చెప్పాడు. మావయ్య తన కాళ్ళ వైపు చూపించి, తొక్కుతున్నట్టు అభినయించాడు. ఆయనకు అర్థమైంది. బెంచీ చివరికి జరిగి చోటిచ్చాడు. మావయ్య చెప్పులు విప్పి, వాద్యాన్ని తాకి కళ్ళకద్దుకుని, ఒకే ఒక్క పెడల్ నొక్కాడు. గాలి తగ్గకుండా ఆ స్వరం అలాగే నిలబడింది. కాలు తీసేదాకా మావయ్య ఊపిరి తీయలేదు.

రాత్రి గదిలో బాఖ్ కథ చెప్పాను. 1705లో, ఇరవై ఏళ్ళ వయసులో, బుక్స్టెహూడ అనే పెద్ద ఆర్గనిస్టు వాయిద్యం వినడానికి ఆర్న్‌స్టాట్ నుంచి ల్యూబెక్‌కు నాలుగు వందల కిలోమీటర్లు నడిచాడు. నాలుగు వారాల సెలవడిగి నాలుగు నెలలు ఉండిపోయాడు. "ఉంటాడు మరి. నేను అల్లూరు నుంచి నెల్లూరుకు సైకిలు తొక్కలా!" అన్నాడు మావయ్య.

మర్నాడు సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి వెళ్ళాం. 1680 నాటిది. గుండ్లకు తట్టుకునేలా ఇటుకతో కమానులా కట్టిన పైకప్పు. చరిత్ర ఇష్టమైతే తప్పక చూడాలి. సచివాలయం ఉన్న ఆవరణ, తనిఖీ ఉంటుంది, గుర్తింపు కార్డు దగ్గరుంచుకోండి. మావయ్య మాత్రం ఒక చుట్టు తిరిగి బయటికొచ్చి నీడన కూర్చున్నాడు. ఆయన మనసు ఇంకా ఎగ్మోర్‌లోనే ఉంది.

తిరుగు బండి గూడూరు దాటాక ఫోన్ తీసి కావలిలోని పాత నాటకాల స్నేహితుణ్ణి పిలిచాడు. అటక మీద హార్మోనియం తిత్తికి తోలు మార్చేవాళ్ళు ఎవరైనా మిగిలారా అని అడిగాడు.