లినక్స్ మింట్ రివ్యూ: ఫ్రీ అని చెప్తే నల్లగొండల ఎవ్వరు వినరు, కానీ పనిచేస్తది

విండోస్ బదులు కంప్యూటర్‌ను నడిపించే ఇంకో ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) లినక్స్ మింట్. పాత లాప్‌టాప్‌ల దాన్ని ఎక్కించుకోవచ్చా, ఇంట్ల పెద్దోళ్లకు వాడొస్తదా అని ఈ మధ్య మస్తు మంది అడుగుతున్నరు. అందరికీ విడివిడిగా చెప్పుడు కష్టమైతుందని ఒక్కకాడ రాసి పెడ్తున్న. నేను వాడేది మింట్ 22 సిరీస్, దాంట్ల సినమన్ అనే డెస్క్‌టాప్ ఉన్న ఎడిషన్. మా బాపు లాప్‌టాప్‌ల కూడా అదే ఉన్నది.

అసలు ఈ లొల్లి ఎందుకంటే 2025 అక్టోబర్ 14 నాడు విండోస్ 10కి సపోర్ట్ అయిపోయింది. కంప్యూటర్ ఏం ఆగిపోదు, నడుస్తది, కానీ సెక్యూరిటీ అప్‌డేట్లు రావు. మామూలు జనాలకు 2026 అక్టోబర్ దాకా ఇంకో ఏడాది పొడిగింపు పెట్టిండ్రు గానీ దానికి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తోని లాగిన్ కావాలె, ఆ పాస్‌వర్డ్ మనోళ్లల్ల ఎవ్వరికి యాదుంటది? పోనీ విండోస్ 11కి పోదామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలె, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో జనరేషన్ నుంచే లెక్క. మన దగ్గర ఇండ్లల్ల ఉన్నయి ఎట్లాంటియో తెలుసు కదా. పిలగాడు బీటెక్‌ల చేరినప్పుడు కొన్నది, చదువు అయిపోయి హైదరాబాద్‌ల జాబ్ దొరికి వానికి కంపెనీ లాప్‌టాప్ వచ్చింది, పాతది అమ్మానాయినల కాడ టీవీ పక్కన పడి ఉంటది. ఐదో జనరేషనో ఆరో జనరేషనో, నాలుగు జీబీ ర్యాము. షాపుకు పట్కపోతే ఒకడు కొత్తది కొనమంటడు, ఇంకొకడు "11 ఎట్లనో అట్ల ఎక్కిస్త సార్" అంటడు. ఎక్కిస్తడు కూడా, కానీ మెషీన్ మూలుగుతది.

ఇగ అసలు ముచ్చట. లినక్స్ గురించి ప్రచారం చేసేటోళ్లు నోరు తెరిస్తే మొదటి మాట "ఇది ఫ్రీ" అని. అయ్యా, నల్లగొండల విండోస్‌కు విడిగా పైసలు కట్టిన మనిషిని ఒక్కన్ని చూపియ్యండ్రి. లాప్‌టాప్‌తోని వచ్చింది సరే, ఒకసారి ఫార్మాట్ కొట్టిచ్చినంక అంతా మూడొందలో ఐదొందలో ఇన్‌స్టలేషన్ చార్జి ఇచ్చుడే, లోపట ఎక్కింది క్రాక్‌దా ఒరిజినలా ఎవ్వడు అడగడు. మరి ఆల్రెడీ ఫ్రీగా వాడేటోనికి పోయి ఫ్రీ అంటే "అయితే ఏంది" అనే అంటడు. సోర్సు కోడ్, స్వాతంత్య్రం, 1991ల ఫిన్లాండ్‌ల లైనస్ టోర్వాల్డ్స్ అనే స్టూడెంట్ లినక్స్‌కు గుండె లాంటి కెర్నెల్ రాసిండు, అదంతా నాకు ఇష్టమే, కానీ పక్కింటాయనకు అది చెప్తే చాయ్ తాగి లేచి పోతడు.

నా మాట జనాలు విన్నది ఎక్కడంటే, క్రాక్ విండోస్‌ను ఒరిజినల్ లెక్క చూపించే యాక్టివేటర్ అనే ప్రోగ్రామ్ దగ్గర. విండోస్‌కు యాక్టివేటర్ కొట్టేటప్పుడు షాపాయన మొదలు చేసే పని ఏందో ఎప్పుడన్న చూసిండ్రా? ఆంటీవైరస్ బంద్ చేస్తడు. చేయకపోతే అది ఎక్కదు. అంటే ఎవడు రాసిండో తెల్వని ప్రోగ్రామ్‌కు ఇంటి తాళంచెవుల గుత్తి చేతిల పెట్టి, మళ్ల అదే లాప్‌టాప్‌ల కూర్చొని బ్యాంకు పాస్‌వర్డ్ కొడ్తున్నం. ఇది చెప్తే మా కాలనీల ఒక రిటైర్డ్ సార్ అప్పటికప్పుడు "నాది కూడా తీసేయ్ బాబూ" అన్నడు. మింట్‌కు యాక్టివేషనే లేదు, కీ లేదు. దాంట్ల ఉన్న సాఫ్ట్‌వేర్ లైసెన్సులే కాపీ చేసి ఇచ్చుకోమంటయి, ఒక్క పెన్‌డ్రైవ్ చేసుకుంటే పది ఇండ్లకు వేసుకోవచ్చు, ఎక్కడా దొంగతనం లేదు.

ఇన్‌స్టాల్ ముచ్చటకొస్తే, దించుకోవాల్సిన మింట్ ఫైలు దాదాపు 3 జీబీ ఉంటది, 8 జీబీ పెన్‌డ్రైవ్ సరిపోతది, విండోస్‌ల రూఫస్ అనే చిన్న ప్రోగ్రామ్‌తోని పెన్‌డ్రైవ్‌ల రాయాలె. తర్వాత లాప్‌టాప్ ఆన్ చేసేటప్పుడు డెల్, లెనోవో అయితే ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎస్కేప్ కొట్టి ఎఫ్9 నొక్కుతే పెన్‌డ్రైవ్ నుంచి లేస్తది. ఇక్కడ నాకు మస్తు నచ్చిందేందంటే ఏం ఇన్‌స్టాల్ చేయకుంటనే మొత్తం వాడి చూసుకోవచ్చు. వైఫై వస్తుందా, సౌండ్ వస్తుందా, కెమెరా లేస్తుందా, అన్నీ చూసుకొని నచ్చకపోతే పెన్‌డ్రైవ్ పీకేస్తే మీ విండోస్ ఎట్లున్నది అట్లనే ఉంటది. కంపెనీల అమ్మకంల ఇట్లాంటి ట్రయల్ ఎవ్వడియ్యడు.

నచ్చితే డెస్క్‌టాప్ మీద ఇన్‌స్టాల్ ఐకాన్ ఉంటది. ఒక్కకాడనే జాగ్రత్త, విండోస్ పక్కన వేసుకునుడా, మొత్తం తుడిచి వేసుకునుడా అని అడుగుతది, రెండోది కొడ్తే పెండ్లి ఫొటోలతోని సహా అన్నీ పోతయి, ముందుగాలనే హార్డ్ డిస్కుల కాపీ పెట్టుకోండ్రి. మల్టీమీడియా కోడెక్స్ అని ఒక టిక్ ఉంటది, అది కొట్టుండ్రి, లేకపోతే కొన్ని వీడియోలు ఆడవు. కొన్ని లాప్‌టాప్‌లల్ల వైఫై చిప్‌కు డ్రైవర్ విడిగా కావాలె, అప్పుడు భయపడొద్దు, ఫోన్‌ను కేబుల్‌తోని పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తది, డ్రైవర్ మేనేజర్ తెరిస్తే అదే చూపిస్తది, ఎక్కించి రీస్టార్ట్ చేయాలె అంతే. కనీసం 2 జీబీ ర్యాము, 20 జీబీ జాగా అంటరు గానీ 4 జీబీ ర్యాము లేకపోతే క్రోమ్‌ల నాలుగు ట్యాబులు తెరువంగనే కష్టం. ర్యాము మరీ తక్కువుంటే మింట్‌లనే తేలికగ నడిచే ఎక్స్ఎఫ్‌సీఈ ఎడిషన్ తీసుకోండ్రి. పాత తిరిగే హార్డ్ డిస్కే ఉంటే మాత్రం ఏ ఓఎస్ వేసినా గంతే, ముందు ఎస్ఎస్‌డీ వేయించుండ్రి.

వాడుడు ఎట్లుందంటే మా బాపునే లెక్క తీసుకోండ్రి. ఆయనకు కావాల్సింది పొద్దుగాల పేపరు, యూట్యూబ్‌ల హరికథలు, పెన్షన్ ముచ్చట్లు, నెలకోసారి కరెంటు బిల్లు. మింట్ మెనూ ఎడమదిక్కు కింద ఉంటది, విండోస్ 7 వాడినోళ్లకు చేతులు వాటంతటవే పోతయి. "ఇది మన పాత కంప్యూటర్ లెక్కనే ఉన్నది గదరా, ఏం మార్చినవ్?" అన్నడు. నేనేం చెప్పలే. అక్షరాలు పెద్దగ చేసి, డెస్క్‌టాప్ మీద నాలుగు ఐకాన్లు పెట్టిన. అప్‌డేట్ వస్తే కింద షీల్డ్ బొమ్మ మీద చుక్క పడ్తది, మనం నొక్కితేనే ఎక్కుతది, మధ్యల స్క్రీన్ నీలం అయిపోయి ఆఫ్ చేయొద్దు అని గంటసేపు కూర్చోబెట్టుడు ఉండదు. ఒక్క చిరాకు ఉన్నది. పాస్‌వర్డ్ లేకుంట డైరెక్ట్ లాగిన్ పెట్టిన ఆయన కోసం, అట్ల పెడ్తే క్రోమ్ తెరిచినప్పుడల్లా కీరింగ్ (పాస్‌వర్డ్లు దాచిపెట్టే పెట్టె) అన్‌లాక్ చెయ్ అని ఒక డబ్బా వస్తది. "ఇదెవడురా నడుమల" అని రోజూ ఫోన్. ఇట్లాంటియి ఈ సాఫ్ట్‌వేర్ చేసేటోళ్లకు చిన్నగనే కనిపిస్తయి, కానీ అరవై దాటిన మనిషి ఆ డబ్బా చూసి ఇగ ఏదో ఖరాబైందని లాప్‌టాప్ మూసేస్తడు. ఆఖరుకు లాగిన్‌కు చిన్న పాస్‌వర్డ్ పెట్టేసిన, డబ్బా పోయింది.

టైమ్‌షిఫ్ట్ అని ఒకటుంటది, సిస్టమ్‌ను ఎప్పటికప్పుడు ఫొటో తీసి పెట్టుకుంటది, ఏదన్న ఆగమైతే నిన్నటి స్థితికి తెచ్చుకోవచ్చు. మొదటి రోజే ఆన్ చేయండ్రి.

జిరాక్స్ షాపు పెన్‌డ్రైవ్ సంగతి అందరికి ఎరుకనే. ప్రింట్ కోసం ఇచ్చి ఇంటికి తెస్తే ఫోల్డర్లన్నీ మాయమై షార్ట్‌కట్లు కనిపిస్తయి. మా చెల్లె కొడుకు గ్రూప్స్ ప్రిపేర్ అవుతున్నడు, వాని నోట్సు పెన్‌డ్రైవ్ ఇట్లనే అయితే ఏడుపు మొహంతోని తెచ్చిండు. మింట్‌ల పెట్టంగనే ఫైళ్లన్నీ కనిపించినయి, ఎందుకంటే ఆ వైరస్ వాటిని విండోస్ పద్ధతిల దాచిపెడ్తది, లినక్స్ ఆ దాపరికం పట్టించుకోదు, ఆ షార్ట్‌కట్లు దీంట్ల నడవవు. ఫైళ్లు కాపీ చేసుకొని పెన్‌డ్రైవ్ ఫార్మాట్ కొట్టినం. వానికి లినక్స్ గురించి నేను అంతకంటె ఎక్కువ చెప్పాల్సిన పని పడలే.

తెలుగు. చదువుడుకు ఏ ఇబ్బంది లేదు, యూనికోడ్ తెలుగు మంచిగనే కనిపిస్తది. టైపింగ్‌కు కీబోర్డ్ సెట్టింగ్‌ల తెలుగు ఇన్‌స్క్రిప్ట్ ఉంటది, ఇంగ్లిష్ అక్షరాలతోని కొట్టేటోళ్లు ఐబస్, ఎం17ఎన్ అనే టైపింగ్ ప్రోగ్రామ్‌లు ఎక్కించుకుంటే ఆర్‌టీఎస్ అనే పద్ధతి వస్తది, పాత డీటీపీ అలవాటున్నోళ్లకు యాపిల్ లేఅవుట్ కూడా వస్తది. రామభద్ర, మండలి లాంటి ఫాంట్లు ఫైలు మీద రెండుసార్లు కొడ్తే ఎక్కుతయి. మెనూలు తెలుగుల పెట్టుకోవచ్చు గానీ సగం తెలుగు సగం ఇంగ్లిష్ వస్తది, చూసేటందుకు అంత బాగుండదు, నేను ఇంగ్లిష్‌లనే ఉంచిన.

ఇప్పుడు ఎవ్వరికి వద్దో చెప్తా, ఇది దాచి అమ్మేటోళ్ల మీద నాకు కోపం. అను ఫాంట్లు, పేజ్‌మేకర్, ఫొటోషాప్, కోరల్ మీద బతికేటోళ్లు, అంటే మన శుభలేఖలు, ఫ్లెక్సీలు, కరపత్రాలు చేసేటోళ్లు, దీని దిక్కు చూడొద్దు. విండోస్ ప్రోగ్రామ్‌లను లినక్స్‌ల నడిపే వైన్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి నడిపియ్యొచ్చు అని ఎవడన్న అంటే, రేపు పెండ్లి కార్డు అర్జెంట్ ఉన్నప్పుడు వాడు రాడు. మిర్యాలగూడల మా మేనమామ రైస్‌మిల్లు లెక్కలన్నీ ట్యాలీలనే, ట్యాలీ ప్రైమ్ విండోస్‌ల నడిచేది, ఆయనకు నేనే వద్దన్న. జడ్చర్లల మా బామ్మర్దికి ఆన్‌లైన్ సెంటర్ ఉన్నది, అక్కడ వేలిముద్ర మెషీన్ కంపెనీవాళ్లు ఇచ్చిన సాఫ్ట్‌వేర్ విండోస్‌కే ఉండె, కాబట్టి ఆ సిస్టమ్ అట్లనే ఉంచి, కస్టమర్లు ఫారాలు నింపుకునే పక్క సిస్టమ్‌కు మింట్ వేసినం. ఫారాలు నింపుడంతా బ్రౌజర్‌లనే కదా, ఎవ్వరికి తేడా తెల్వలే.

ప్రింటర్ మాత్రం ముందుగాలనే చూసుకోండ్రి. హెచ్‌పీయి చాలా వరకు మంచిగ పట్టుకుంటయి, కంపెనీయే హెచ్‌పీఎల్ఐపీ అని డ్రైవర్ ఇస్తది, 1020 లాంటి పాతయాటికి ఒక ప్లగిన్ దించుకోవాలె. కొత్త వైఫై ప్రింటర్లు చాలా వరకు డ్రైవర్ లేకుంటనే వస్తయి. ఇంకో కంపెనీ చిన్న లేజర్ ప్రింటర్ మా ఫ్రెండ్ దగ్గర ఉన్నది, పేరు వద్దులే, దాంతోని పొద్దంతా కుస్తీ పట్టినం, ఒక పేజీ వచ్చి రెండోది రాదు. ఆఖరుకు పీడీఎఫ్ ఫోన్‌కు పంపి బజార్ల ప్రింట్ తీసుకున్నడు.

ఎంఎస్ ఆఫీస్ బదులు మింట్‌ల ఉండే లిబ్రేఆఫీస్ ఇంటికి, బడికి సరిపోతది. ఆఫీసుల నుంచి వచ్చే వర్డ్ ఫైళ్లల్ల టేబుళ్లు ఒక్కోసారి జరుగుతయి, ఫాంట్ లేకపోతే పేజీలు మారుతయి, పైకి పంపేటప్పుడు పీడీఎఫ్ చేసి పంపితే తిప్పలుండదు.

కేరళల సర్కారు బడులల్ల ఏండ్ల నుంచి లినక్సే నడుస్తుంది, మన దగ్గర స్వేచ్ఛ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ సంస్థ వాళ్లు కాలేజీలల్ల గ్రూపులు పెట్టి పిలగాండ్లకు నేర్పిస్తున్నరు, మంచిదే. కానీ బీటెక్ పిలగాడు నేర్చుకుంటే వాడు హైదరాబాద్ పోతడు, ఇక్కడ వాళ్ల నాయిన లాప్‌టాప్ ఖరాబైతే పోయేది ప్రకాశం బజార్‌ల షాపుకే. ఆ షాపాయన మింట్ చూడంగనే "ఇదేందో ఉన్నది, తీసేసి విండోస్ వేస్తా" అంటడు, అక్కడికి అయిపాయె. అందుకే ప్రచారం చేసేది ఉంటే ముందు ఆ షాపాయనకు చేయాలె. నేను తెలిసిన ఒకాయనను అడిగిన, "అన్నా, ఇన్‌స్టలేషన్ చార్జి నువ్వు అట్లనే తీస్కో, విండోస్ బదులు ఇది వెయ్" అని. "వేస్త గానీ సార్, రేపు ఏమన్న అయితే కస్టమర్ నా మీదికొస్తడు కదా" అన్నడు. న్యాయమే, నేనన్న ఆయన జాగాల ఉంటే అదే అంటుంటి. చెప్పంగ చెప్పంగ ఒక పాత సీపీయూల వేసి కౌంటర్ మీద పెట్టిండు, వచ్చినోళ్లు పాటలు వింటున్నరు. బిల్లింగ్ మాత్రం ఇంకా విండోస్‌లనే.

మార్కులంటే, బ్రౌజర్, వీడియోలు, చదువు వరకే కావాల్సిన ఇంటికి పదికి తొమ్మిది, షాపు, డీటీపీ, అకౌంట్స్ వాళ్లకు పదికి మూడు. 22 సిరీస్‌కు 2029 ఏప్రిల్ దాకా అప్‌డేట్లున్నయి. అడిగేది ఉంటే లాప్‌టాప్ మోడల్, ప్రింటర్ మోడల్ రెండూ రాసి అడగండ్రి, ఉత్తగ "నా దాంట్ల నడుస్తదా అన్నా" అంటే నేనేం చెప్పాలె.