నౌపడ రాళ్లుప్పా, ప్యాకెట్ పొడుప్పా: అయోడిన్ టెస్ట్ కిట్ ఎంతవరకు పనికొస్తుంది?

శ్రీకాకుళం, టెక్కలి కొట్లలో నౌపడ కొఠార్ల (ఉప్పు మడుల) రాళ్లుప్పు, ప్యాకెట్ పొడుప్పు పక్కపక్కనే దొరుకుతాయి. తెల్లగా ఉంటే అయోడిన్ ఉన్నట్టే అనేది ఒట్టి మాట. రంగు, రుచి ఏమీ చెప్పవు. ప్యాకెట్ మీదైతే అయోడిన్ ఉప్పుకు వేసే నవ్వే సూర్యుడి గుర్తు చూడొచ్చు, గోనెలోంచి కొలిచి ఇచ్చే ఉప్పుకు ఆ ఆధారమూ లేదు.

అక్కడే ఈ చిన్న కిట్ అక్కరకొస్తుంది. చెంచాడు ఉప్పు పళ్లెంలో పరిచి, సీసాలోని ద్రావణం రెండు చుక్కలు వేస్తే, అయోడిన్ ఉంటే నీలం తేలుతుంది. అట్ట మీది రంగులతో పోల్చుకోవాలి. దుకాణంలో అమ్మే ఉప్పులో కిలోకు కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలి. రంగు రాకపోతే వెంటనే లేదనుకోకండి. ఉప్పులో క్షారం ఉంటే ద్రావణంలోని ఆమ్లం విరిగిపోతుంది. అప్పుడు కొత్తగా తీసుకున్న ఉప్పు మీద, కిట్‌లోనే ఉండే రీచెక్ చుక్కలు వేసి, అదే చోట ద్రావణంతో మళ్లీ పరీక్షించాలి. రాళ్లుప్పునైతే దంచి, కలిపి చూడాలి, ఎందుకంటే అయోడిన్ ఉప్పు రాళ్ల పైనే అంటుకుంటుంది.

గంజి, నిమ్మరసం చిట్కాను నమ్మలేం. మన ఉప్పులో ఉండేది అయోడేట్ (ఆక్సిజన్‌తో కలిసిన అయోడిన్), గంజి నీలమయ్యేది విడి అయోడిన్‌తో. నిమ్మలోని సి విటమిన్ ఎక్కువైతే వచ్చిన రంగు కూడా పోతుంది.

కిట్‌కున్న పెద్ద లోపం: అయోడిన్ ఎంతుందో ఉజ్జాయింపుగానే తెలుస్తుంది. కచ్చితంగా కావాలంటే ల్యాబ్‌లో రసాయనంతో కొలిచే టైట్రేషనే. గులాబీ రంగు సైంధవ లవణానికి మాత్రం చుక్కలు దండగ, విడిగా కలిపితే తప్ప అందులో చెప్పుకోదగ్గ అయోడిన్ ఉండదు.