అమెరికన్ ఈగిల్: సీటుకు పూర్తి మార్కులు, కాక్‌పిట్ కొలువుకు కొన్నే

డాలస్ నుంచి చిన్న పట్టణాలకు వెళ్లే తెలుగువారు ఎక్కే అమెరికన్ ఈగిల్ విమానాలను నడిపేది నేరుగా అమెరికన్ ఎయిర్‌లైన్స్ కాదు, ఇర్వింగ్‌లో కార్యాలయమున్న ఎన్వాయ్ వంటి ప్రాంతీయ సంస్థలు. అవి నడిపే ఎంబ్రాయర్ 175 రకం చిన్న జెట్‌లో మధ్య సీటు ఉండదు కనుక ప్రయాణం సుఖమే.

నా పేచీ కాక్‌పిట్ కొలువుతోనే. 2009లో బఫెలో దగ్గర కోల్గన్ అనే మరో ప్రాంతీయ సంస్థ విమానం కూలి 50 మంది మరణించాక జరిగిన విచారణలో, కో-పైలట్ వార్షిక జీతం సుమారు 16 వేల డాలర్లేనని బయటపడింది. ఆ ప్రమాదం తర్వాత 2013 నుంచి ఫస్ట్ ఆఫీసర్‌కూ, అంటే కో-పైలట్‌కూ, సాధారణంగా 1,500 గంటల అనుభవం తప్పనిసరి కావడం, కోవిడ్ వేళ పెద్ద సంస్థల్లో సీనియర్లు ముందే విరమించుకోవడంతో కొరత ముదిరి, 2022లో ఎన్వాయ్ కొత్త ఫస్ట్ ఆఫీసర్లకు తాత్కాలిక అదనపు చెల్లింపుతో కలిపి గంటకు 90 డాలర్లు ప్రకటించవలసి వచ్చింది. ఆ గంట మాత్రం సాధారణంగా విమానం గేటు వదిలాకే మొదలవుతుంది. అంతకుముందు చేసే తనిఖీలు, ప్రయాణాల మధ్య నిరీక్షణ లెక్కలోకి రావు.

సీనియారిటీ ప్రకారం అమెరికన్‌కు మారే దారి ఉండటం యువ పైలట్లను ఎన్వాయ్‌కి రప్పిస్తుంది, అనుభవం పండిన కెప్టెన్లను అక్కడి నుంచి తీసుకుపోతుంది. అందుకే అయిదుకు మూడున్నర నక్షత్రాలు. తగ్గించిన ఒకటిన్నర యాజమాన్యానికే, సిబ్బందికి కాదు.