పాత కారు పవర్ విండో ఇరుక్కుంటే: మోటార్ బాగు చేయించాలా, స్క్రాప్‌లో తేవాలా, కొత్తది వేయాలా?

వానలు మొదలైతే చాలు, పాత కార్లు నడిపేవాళ్ల నుంచి ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. డ్రైవర్ డోర్ అద్దం సగంలో ఆగిపోయింది. పైకి రాదు, కిందికి పోదు. మెకానిక్ చూసి మోటార్ పోయిందన్నాడు. ఇప్పుడు దాన్నే బాగు చేయించాలా, హైదరాబాద్‌లో పాత పార్టులు అమ్మే చంచల్‌గూడ వెళ్లి సెకండ్ హ్యాండ్‌ది తేవాలా, రాణిగంజ్‌లో కొత్తది కొనాలా? అడిగేవాళ్లవి ఎక్కువగా జెన్, ఎస్టీమ్, పాత శాంట్రో, యాక్సెంట్, పాత హోండా సిటీ. ఈ మధ్యే మా ఎస్టీమ్‌కూ ఈ పని పడింది. పాత మోటార్‌నే విప్పించి సర్వీస్ చేయించాను. ప్రతి కారుకూ అదే సరైనదని అనను. అయితే అద్దం తన గాడిలో ఎంత తేలిగ్గా జారుతుందో చూడకుండా ఏ మోటార్ కొన్నా డబ్బు దండగ. నా లెక్కలో ఏది మేలో తేల్చేది అదే.

ముందు మోటార్ నిజంగా పోయిందో లేదో తేల్చుకోండి. స్విచ్ నొక్కినప్పుడు డోర్ లోపల ఏం వినిపిస్తోందో వినండి. మోటార్ గుర్రుమని తిరుగుతున్నా అద్దం కదలకపోతే కేబుల్ తెగి ఉండాలి, లేదా రెగ్యులేటర్‌లో (మోటార్ తిరిగితే అద్దాన్ని పైకీ కిందికీ జరిపే అమరిక) ప్లాస్టిక్ ముక్క విరిగి ఉండాలి, లేదా గేర్ పళ్లు అరిగి ఉండాలి. టక్కుమని ఆగిపోయి, అదే క్షణంలో లోపలి లైటు కాస్త మసకబారితే కరెంటు అందుతోంది, ఎక్కడో పట్టేసింది. అసలు చప్పుడే లేకపోతే ఫ్యూజు, స్విచ్, వైర్లు, మోటార్ కార్బన్‌లు (లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే చిన్న ముక్కలు), ఈ వరుసలో చూడాలి.

డోర్ ప్యాడ్ (డోర్ లోపలివైపు కప్పు) తీశాక, మోటార్‌కు వైర్లు తగిలించే కప్లర్ దగ్గర మల్టీమీటర్ పెట్టి, ఇంకొకరిని స్విచ్ నొక్కమనండి. కప్లర్ మోటార్‌కు తగిలించి ఉండగానే కొలవాలి. ఊడదీసి కొలిస్తే సగం కాలిన స్విచ్ కూడా నిక్షేపంగా 12 వోల్టులు చూపిస్తుంది. తగిలించి ఉన్నప్పుడు 8, 9 వోల్టులకు పడిపోతుంటే ముందు బ్యాటరీని కూడా అప్పుడే కొలవండి. అక్కడ బాగానే ఉంటే దోషం మధ్య దారిలో ఉంది. ఈ వయసు కార్లలో చాలావాటికి మోటార్ కరెంటంతా స్విచ్ కాంటాక్టుల గుండానే పోతుంది కాబట్టి ఏళ్లు గడిచేకొద్దీ అవి నల్లబడతాయి. మిగతా డోర్ల మోటార్లకు కూడా దారి చాలా కార్లలో డ్రైవర్ దగ్గరున్న మెయిన్ స్విచ్ మీదుగానే ఉంటుంది. అందుకే వెనక డోర్ అద్దం ఆగిపోయిందని ఎవరైనా అంటే డ్రైవర్ స్విచ్ విప్పి చూడమంటాను. డోర్‌కూ బాడీకీ మధ్య రబ్బరు గొట్టంలో వైర్లు మడతపడి తెగడం కూడా మామూలే.

ఇక తప్పు మోటార్‌దే అని తేలిందనుకుందాం. పాతదాన్ని బాగు చేయించడం వైపే నా మొగ్గు. ఈ మోటార్లలో చెడిపోయేవి చాలావరకు చిన్న భాగాలు. లోపల అయస్కాంతాలు, తీగ చుట్టిన తిరిగే భాగం అయిన ఆర్మేచర్, కార్బన్‌లు, షాఫ్ట్ చివర మరలాంటి వార్మ్, దానికి పట్టుకుని తిరిగే ప్లాస్టిక్ గేరు, ఇంతే. కార్బన్ పొడి, కార్బన్‌లు ఆనుకుని ఉండే కమ్యుటేటర్ సందుల్లో నిండిపోతుంది. గేర్ పెట్టెలో గ్రీజు ఎండి గట్టిపడుతుంది. డోర్‌లోకి దిగిన నీళ్లకు షాఫ్ట్ తుప్పు పట్టి బుష్‌లో బిగుసుకుంటుంది. నెమ్మదిగా పనిచేసే ఆటో ఎలక్ట్రీషియన్ దొరికితే కమ్యుటేటర్‌ను సన్న శాండ్ పేపర్‌తో రుద్ది, సందులు శుభ్రం చేసి, కొత్త కార్బన్‌లు వేసి, పాత గ్రీజంతా తుడిచి తెల్ల లిథియం గ్రీజు పెడతాడు. సరైన సైజు కార్బన్ దొరక్కపోతే కాస్త పెద్దది తెచ్చి రుద్ది సరిచేస్తారు, దాంతో ఇబ్బందేమీ లేదు. కంపెనీ వాళ్లు ఆ కారుకోసం చేసిన మోటార్ కంపెనీ కొలతలతోనే మీ డోర్‌లో ఉండిపోతుంది. ఇది పెద్ద లాభం.

బాగు చేయించకూడని సందర్భాలూ ఉన్నాయి. ఆర్మేచర్ వైండింగ్ నల్లబడి కాలిన వాసన వస్తున్నా, అయస్కాంతం జిగురు వదిలి పగిలినా దాన్ని వదిలేయండి. ఇంత చిన్న ఆర్మేచర్‌కు రీవైండింగ్ చేయించే శ్రమ వృథా. కాసేపు నొక్కాక ఆగిపోయి, కొన్ని నిమిషాలు వదిలేస్తే మళ్లీ పనిచేసే మోటార్‌ను మాత్రం పోయిందని పారేయకండి. వేడెక్కితే కరెంటు ఆపేసే రక్షణ చాలా మోటార్లలో ఉంటుంది. అది తన పని తాను చేస్తోంది. అంత వేడి ఎందుకు పుడుతోందో వెతకాలి.

వెతికితే చాలాసార్లు తేలేది బీడింగ్. అద్దానికి రెండు పక్కలా, పైనా ఉండే ఆ రబ్బరు గాడి. లోపలివైపు అద్దం జారడానికి వీలుగా నున్నటి పూత ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు ఆరుబయట నిలబెట్టిన కారులో ఆ రబ్బరు ఎండి గట్టిపడుతుంది, పూత లేస్తుంది, మెట్రో పిల్లర్ల కింద తిరిగిన దుమ్మంతా అందులో చేరుతుంది. జూన్‌లో నాలుగు చినుకులు పడగానే ఆ దుమ్ము బురదై అద్దాన్ని పట్టేస్తుంది. ఈ ప్రశ్న వానల్లోనే ఎక్కువగా రావడానికి ఇదొక కారణం. లోడు పెరిగేకొద్దీ మోటార్ ఎక్కువ కరెంటు లాగుతుంది. పూర్తిగా ఇరుక్కుపోతే మామూలు కంటే కొన్ని రెట్లు లాగుతుంది. ఆ వేడికి కార్బన్‌లు, వైండింగ్, స్విచ్ కాంటాక్టులు అన్నీ కలిసి దెబ్బతింటాయి. పాత మోటార్‌ను చంపిన గాడిలోనే కొత్త మోటార్ పెడితే అది మాత్రం ఎన్నాళ్లు బతుకుతుంది?

అందుకే డోర్ ఎలాగూ విప్పారు కాబట్టి, అద్దాన్ని రెగ్యులేటర్ నుంచి విడదీసి చేత్తో పైకీ కిందికీ జరిపి చూడండి. పెద్దగా బలం పెట్టకుండా జరగాలి. ఒకచోట బిగుసుకుంటే అక్కడి రబ్బరును వేలితో తడిమి చూడండి. మెత్తగా ఉంటే తడిగుడ్డతో లోపలంతా తుడిచి, ఆరాక సిలికాన్ స్ప్రే కొడితే చాలు. ఇంజన్ ఆయిలో గ్రీజో రాస్తే రబ్బరు ఉబ్బుతుంది, దుమ్ము ఇంకా అంటుకుంటుంది. గట్టిపడి పగుళ్లు వస్తే మార్చాల్సిందే. అద్దం అంచులు కూడా చూడండి. 2012లో సుప్రీంకోర్టు కార్ల అద్దాలకు ఫిల్ములు వద్దన్నాక చాలామంది పీకించేశారు. సరిగ్గా తుడవని జిగురు కొన్ని అద్దాల అంచుల్లో ఇప్పటికీ ఉంది, గాడిలోకి వెళ్లిన ప్రతిసారీ అది రబ్బరును పట్టి లాగుతుంది. మా ఎస్టీమ్‌లో మోటార్ సర్వీస్ అయ్యాక అద్దం కదిలింది, బీడింగ్ మార్చాక హాయిగా లేచింది. ఈ రెండింటి మధ్య తేడా కళ్లారా చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

స్క్రాప్ మోటార్ నా రెండో ఎంపిక. చంచల్‌గూడ దుకాణాల్లో పాత కార్ల నుంచి విప్పినవి దొరుకుతాయి. “ఒరిజినల్ అన్నా, బండి నుంచి ఇప్పుడే తీసినం” అంటారు. నిజమే కావచ్చు, అయినా బ్యాటరీ తగిలించి రెండు వైపులా తిప్పి చూపించమనండి. మంచి దుకాణదారు కాదనడు. మీ పాత మోటార్ వెంట తీసుకెళ్లండి. కుడి, ఎడమ డోర్ల మోటార్లు వేరుగా ఉంటాయి. బోల్టు రంధ్రాలు, పళ్ల లెక్క, కప్లర్ మూడూ కలవాలి. డ్రైవర్ డోర్ మోటార్ అందరికంటే ఎక్కువ కష్టపడి ఉంటుంది కాబట్టి, కొలతలు కలిస్తే తక్కువ వాడిన వెనక డోర్‌ది ఎంచుకోవడం తెలివైన పని. తెచ్చాక ఊరికే బిగించొద్దు, గ్రీజు మార్చి బిగించండి. దానికీ మీ మోటార్ వయసే ఉండొచ్చు.

రాణిగంజ్‌లో దొరికే డూప్లికేట్ కొత్తది (కంపెనీది కానిది) మోటార్, రెగ్యులేటర్ కలిపి సెట్‌గా వస్తుంది. రెగ్యులేటర్ కూడా విరిగిపోయి, కారు రేపటికల్లా రోడ్డెక్కాలంటే అది సులువైన దారి. నాకు దానిమీద అంత నమ్మకం లేదు. కొన్నిట్లో గేరు పల్చగా ఉంటుంది, బోల్టు రంధ్రాలు సరిగ్గా కలవక అద్దం కాస్త వంకరగా లేస్తుంది. ఆ వంకరే మళ్లీ గాడిలో ఒరిపిడి అవుతుంది. కంపెనీ కొత్త మోటార్ దొరికితే రెండో ఆలోచన లేకుండా తీసుకోండి. ఈ కార్లకు అది దొరకడమే కష్టం, అందుకే దాని గురించి ఎక్కువ చెప్పడం లేదు.

పవర్ విండో తీసేసి హ్యాండిల్ పెట్టించుకోవడం, ఏ కారుకైనా సరిపోతాయని అమ్మే యూనివర్సల్ కిట్లు వేయించడం కూడా ఉన్నాయి. వెనక డోర్లకైతే హ్యాండిల్ సరిపోతుంది. కిట్ల జోలికి వెళ్లొద్దు.

కారును ఇంకా కొన్నేళ్లు ఉంచుకుందామనుకుంటే, ముఖ్యంగా పదిహేనేళ్లు దాటి ఆర్‌సీ రెన్యువల్ చేయించుకున్న బండి అయితే, మోటార్ సర్వీస్, బీడింగ్ ఒకేసారి చేయించండి. వైండింగ్ కాలిపోతే స్క్రాప్ మోటార్, అప్పుడు కూడా బీడింగ్ సంగతి చూడాల్సిందే. త్వరలో అమ్మేద్దామనుకుంటే డూప్లికేట్ సెట్ చాలు.

ఇంట్లోనే విప్పేవాళ్లకు ఒక హెచ్చరిక. కత్తెరలా తెరుచుకునే రెగ్యులేటర్‌కు బలమైన స్ప్రింగు ఉంటుంది. దాని చేతులను కదలకుండా బిగించకుండా మోటార్ విప్పితే అది ఒక్కసారిగా తిరిగి వేళ్లు నలిగిపోతాయి. అద్దాన్ని ముందు టేపుతో పైన ఆపి ఉంచండి. డోర్ ప్యాడ్ వెనక ఉండే ప్లాస్టిక్ షీటును చింపకుండా తీసి, తిరిగి చుట్టూ అతికించండి. చాలామంది దాన్ని పీకి పడేస్తారు, అప్పుడు డోర్‌లోకి దిగిన నీళ్లు ప్యాడ్‌ను తడిపి కారు లోపలికి వస్తాయి. డోర్ కింది అంచున నీళ్లు పోయే రంధ్రాల్లో మట్టి ఉంటే పుల్లతో తీసేయండి, అవి మూసుకుపోతే డోర్ అడుగున నీళ్లు నిలిచి తుప్పు మొదలవుతుంది. ప్యాడ్ బిగించే ముందే, ఇంజన్ ఆన్‌లో ఉంచి, అద్దాన్ని పూర్తిగా దించి పూర్తిగా లేపి చూడండి. మధ్యలో ఎక్కడైనా వేగం తగ్గితే ప్యాడ్ అప్పుడే పెట్టకుండా, సరిగ్గా అక్కడి గాడిని ఇంకోసారి చూడండి.